సమాధానం: ఓజు సినిమాలో మాటలు వినిపించకపోవడం గురించి

మీరు డౌన్‌లోడ్ చేసుకున్న సినిమా ఫైల్ పాడవలేదండి. నలుపు తెలుపులో ఉంది, మాటలు రావట్లేదు అన్నారు కదా, అది జపాన్ దర్శకుడు యసుజిరో ఓజు 1934లో షోచికు కంపెనీకి తీసిన మూకీ, 'ఉకికుసా మొనొగతారి'. జపాన్‌లో 1931లోనే టాకీ వచ్చినా ఆయన 1936 దాకా టాకీ కథాచిత్రం జోలికి వెళ్లలేదు. మీరు వెతుకుతున్న రంగుల సినిమా 'ఉకిగుసా'. అదే కథను 1959లో దాయెయ్ కంపెనీకి ఆయనే మళ్లీ తీశారు.

డౌన్‌లోడ్‌కి ముందు నిడివి చూడండి: పాతది సుమారు 86 నిమిషాలు, కొత్తది 119. పోస్టర్‌ని నమ్మొద్దు, తరచూ తారుమారవుతుంది. మూకీకి కొన్ని డిస్కుల్లో పియానో ట్రాక్ విడిగా ఉంటుంది, ఆడియో మెనూలో ఎంచుకోవాలి. సబ్‌టైటిల్స్ మాత్రం ఆపొద్దు, మధ్యలో వచ్చే అక్షరాల కార్డులు జపనీస్‌లోనే ఉంటాయి.

ముందు 1959ది చూడండి. కెమెరా కజువో మియగావాది. జోరువానలో వీధికి అటూ ఇటూ చూరుల కింద నిలబడి నాటక బృందం నాయకుడు, అతని ప్రియురాలు తిట్టుకునే ఘట్టం ఒక్కటి చాలు. ఇద్దరి మధ్యా వాన తెరలా దిగుతుంటుంది, ఎవరూ వీధి దాటరు. ఆ తర్వాత మూకీలో అదే ఘట్టం చూస్తే, మాట లేకుండానే ఓజు ఎంత చెప్పగలిగారో తెలుస్తుంది.