మనోమిన్ కోతకు డేట్లు మనం పెట్టలేం

చి. అమ్ములుకు,

నీ షూటింగ్ ప్లాన్ చదివాను. అమెరికాలోని మిన్నెసోటాలో ఉండే మిల్ లాక్స్ ఓజిబ్వే ఆదివాసుల ఏడాది బతుకును డాక్యుమెంటరీగా తీయడం మంచి ఆలోచనే. కానీ కాలానికో వారం చొప్పున టికెట్లు అప్పుడే కొనేశావట. మార్చుకునే వీలుందేమో చూడు.

రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజులొస్తేనే వాళ్ళు చక్కెర కాచే మేపుల్ చెట్టు రసం కారుతుంది. అది మార్చిలో కావచ్చు, ఏప్రిల్‌లో కావచ్చు. మొగ్గలొచ్చాయంటే రుచి చెడి పని ఆగిపోతుంది. మనోమిన్, అంటే సరస్సు నీళ్ళలో పెరిగే గింజ, వైల్డ్ రైస్, ఆగస్టు చివర్నుంచి సెప్టెంబరు దాకా ఒక్కో సరస్సులో ఒక్కోసారి పండుతుంది. గట్టి గాలివాన వస్తే గింజంతా నీళ్ళపాలు. అందుకే ముందు అక్కడ ‘రేపు బయల్దేరు’ అని ఫోన్ చేసే మనిషిని సంపాదించుకో.

పడవలో ఇద్దరే ఉంటారు. ఒకరు గడ వేస్తారు, ఇంకొకరు ఒక కర్రతో కంకులు వంచి రెండో కర్రతో తట్టి గింజ రాలుస్తారు. నువ్వు మూడో మనిషిగా ఎక్కకు. వేరే పడవలో, వాళ్ళు వెళ్ళిన దారిలోనే వెనక వెళ్ళు. పక్కకు తిరిగావంటే నీ పడవ తగిలి రాలేది వాళ్ళ పంటే. తర్వాత వేయించడం, తొక్కడం, చెరగడం ఉంటాయి. ఆ చెరగడం చూస్తే మన ఇళ్ళల్లో చేట గుర్తొస్తుంది. ఆ ముక్క మాత్రం కామెంటరీలో పెట్టకు. అల్యూమినియం పడవలు, ట్రక్కులు, ప్లాస్టిక్ బకెట్లు కనిపిస్తే ఫ్రేమ్ జరపకు. ఎప్పటివాళ్ళో అన్నట్టు చూపిస్తే అది అబద్ధమే. అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న 1837 ఒప్పందంలో భూమి వదులుకున్నా వేట, చేపలు, మనోమిన్ హక్కు వాళ్ళు ఉంచుకున్నారు. అది చెల్లుతుందని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది 1999లో! ఇది తెలియకుండా వెళ్ళకు.

ట్రైబల్ ప్రభుత్వం అనుమతి వేరు, ఆ కుటుంబం అనుమతి వేరు. రెండూ తీసుకో. పెద్దల్ని ఏదైనా అడగాలంటే పొగాకు ఇచ్చి అడగడం ఆనవాయితీ. పద్ధతి అక్కడివాళ్ళనే అడిగి తెలుసుకో. కెమెరా వద్దన్న చోట దాన్ని కార్లోనే వదిలెయ్యి. నానబోజో, అంటే వాళ్ళ పురాణాల్లోని మాయల వీరుడి, కథలు మంచున్నప్పుడే చెబుతారు, వేసవి ఇంటర్వ్యూలో అడగకు. చలికాలంలో రికార్డు చేసినా, ఎప్పుడు చూపించొచ్చో అడుగు.

చలికి బ్యాటరీలు త్వరగా పడిపోతాయి, లోపలి జేబులో పెట్టుకో.

ఫెస్టివల్‌కి పంపేముందు రఫ్ కట్, అంటే తొలి ఎడిటింగ్ అయిన సినిమా, వాళ్ళకే చూపించాలి. తీసేయమన్నది తీసేయాలి. ఆ ప్రయాణానికీ, రీఎడిటింగ్‌కీ బడ్జెట్‌లో డబ్బు పెట్టావా? నాకైతే కనబళ్ళేదు.

మీ బాబాయ్