అర్ధరాత్రి రగ్బీ, ఛాతీలో బరువు: కళ్ల కంటే ముందు గుండెను చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 54. హనుమకొండలో ఉంటాం. నాలుగేళ్లుగా బీపీ మాత్ర వాడుతున్నాను. మా అబ్బాయి డబ్లిన్‌లో ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఐర్లాండ్ ఆడే అంతర్జాతీయ రగ్బీ మ్యాచ్‌లను టీవీలో చూస్తూ, ఇద్దరం ఫోన్‌లో మాట్లాడుకోవడం అలవాటైంది. ఆట అయ్యాక నిద్ర పట్టక, మా ఆవిడకు గతంలో రాసిన ఆల్ప్రాజోలం మాత్ర వేసుకోవడం మొదలుపెట్టాను. మూడు నెలలుగా దాదాపు రోజూ వేసుకుంటున్నాను. మొన్న ఒక మ్యాచ్ చివరి పది నిమిషాల్లో ఛాతీ బరువెక్కి చెమట పట్టింది కానీ, గ్యాస్ మాత్రతో తగ్గింది. నా బాధ కళ్ల మంట. టీవీకి ఎంత దూరంలో కూర్చోవాలి? ఏ చుక్కలు వాడాలి?

జవాబు: కళ్ల సంగతి చివర చెబుతాను. నన్ను ఆందోళనపరిచినది మీరు ఒక్క వాక్యంలో దాటేసిన ఛాతీ బరువు. ఈ వయసులో, బీపీ ఉన్న మనిషికి చెమటతో కూడిన బరువు వచ్చిందంటే, గుండెకు సంబంధించినది కాదని తేలేవరకు గుండెదిగానే భావించి పరీక్షిస్తాం. మిమ్మల్ని చూడకుండా ఇది గుండె జబ్బేనని నేను చెప్పలేను. అయితే మాత్రతో తగ్గింది కనుక గ్యాసే అన్న మీ నిర్ధారణను కూడా అంగీకరించలేను. గుండె కండరానికి రక్తం చాలక వచ్చే బరువు, ఉద్వేగం చల్లారి కాసేపు కదలకుండా కూర్చుంటే, ఏ మందూ లేకుండానే కొన్ని నిమిషాల్లో తగ్గిపోవచ్చు. అప్పుడు పేరు మాత్రం అంతకుముందు మింగిన మాత్రకు వస్తుంది.

ఆట చూసినంత మాత్రాన గుండెకు ఏమవుతుందని అనుకోవద్దు. 2006లో జర్మనీలో ఫుట్‌బాల్ ప్రపంచ కప్ జరిగినప్పుడు, జర్మనీ జట్టు ఆడిన రోజుల్లో మ్యూనిక్ ప్రాంతంలో గుండె సంబంధిత అత్యవసర కేసులు మామూలు కంటే 2.66 రెట్లు పెరిగినట్లు అక్కడి వైద్యులు లెక్కగట్టారు. మీరు చూసే ఆటలోనే గమనించే ఉంటారు: తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే చాలు, ఎంత కీలకమైన ఆటగాడినైనా పన్నెండు నిమిషాల పరీక్ష కోసం బయటకు తీసుకువెళతారు. మీరు మాత్రం ఛాతీ బరువెక్కినా ఆట ముగిసేవరకు కూర్చున్నట్లున్నారు. ఈ జవాబు చదివిన రోజే ఫిజీషియన్‌ను గానీ గుండె వైద్యుణ్ణి గానీ కలవండి. ఈసీజీ మామూలుగా వచ్చినంత మాత్రాన అక్కడితో ఆగకుండా, మిగిలిన పరీక్షలు ఏవి అవసరమో వారినే నిర్ణయించనివ్వండి. ఆ బరువు మళ్లీ వస్తే, ఎంత రాత్రయినా, బండి మీద బయలుదేరకుండా వెంటనే 108కు ఫోన్ చేయండి.

ఇక ఆ మాత్ర. మీ ఆవిడ వయసు, బరువు, అవస్థ చూసి రాసిన మందు మీకు సరిపడుతుందని మీరు ఎలా అనుకున్నారు? నా దగ్గరకు వచ్చేవారిలో ఇంట్లో మిగిలిన స్ట్రిప్పుతోనో, పాత చీటీ చూపించి మెడికల్ షాపులో కొన్న స్ట్రిప్పుతోనో నెలలు గడిపినవారు చాలామంది ఉంటారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఆల్ప్రాజోలం కొద్ది వారాల్లోనే అలవాటుగా మారగలదు. గురకతో పాటు నిద్రలో శ్వాస ఆగే సమస్య ఉన్నవారికి, మద్యం తీసుకునేవారికి అది శ్వాసను మరింత మందగింపజేయవచ్చు. గురక సంగతి మీరు రాయలేదు, మీ ఆవిడను అడిగి వైద్యునికి చెప్పండి. అయితే దయచేసి ఈ రాత్రే మానేయకండి. మన జిల్లాల్లో కల్తీ కల్లుకు అలవాటుపడినవారు అది దొరకని రోజుల్లో చేతులు వణుకుతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ, ఒక్కోసారి మూర్ఛలతో ఆసుపత్రికి రావడం ఇక్కడి వైద్యులందరం చూశాం. ఆ కల్లులో కలిపే మత్తుమందుల్లో ఆల్ప్రాజోలం కూడా ఒకటి. మూడు నెలలు వాడిన దానిని వైద్యుని పర్యవేక్షణలో, మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తూ మానవలసి ఉంటుంది.

అబ్బాయితో కలిసి చూడడం మానమని నేను అనను. దూరంగా ఉన్న బిడ్డతో ఆ రెండు గంటలు ఎంత విలువైనవో నాకు తెలుసు. ఐర్లాండ్‌తో సహా ఆరు యూరప్ జట్లు ఏటా ఆడే సిక్స్ నేషన్స్ రగ్బీ టోర్నీ మ్యాచ్‌లలో డబ్లిన్ సమయం మధ్యాహ్నం 2.15కు మొదలయ్యేది ఫిబ్రవరిలో మనకు రాత్రి 7.45కు వస్తుంది, వైద్యుడు సరేనంటే దానిని హాయిగా చూడండి. అక్కడ రాత్రి 8 గంటలకు మొదలయ్యేది మనకు తెల్లవారుజామున 1.30కు మొదలై మూడు దాటాక ముగుస్తుంది కనుక, దానిని మరునాడు ఇద్దరూ కలిసి రికార్డింగ్‌లో చూసుకోండి. 2027 రగ్బీ ప్రపంచ కప్ ఆస్ట్రేలియాలో జరుగుతుంది కాబట్టి, అక్కడి సాయంత్రం మ్యాచ్‌లు మనకు పగటిపూటే వస్తాయి. రాత్రి మేల్కొని ఆలస్యంగా లేచినప్పుడు ఉదయం బీపీ మాత్ర మరచిపోతే, మరునాడు రెండూ కలిపి వేసుకోవద్దు.

కళ్ల మంటకు నిద్రలేమి, రెప్ప వేయకుండా చూడడం కారణాలు కావచ్చు. ఎనిమిది, పది అడుగుల దూరంలో, గదిలో లైటు ఉంచి చూడండి. చుక్కల పేరు నేను రాయను. సొంతంగా కొన్న చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే, ఎక్కువ రోజులు వాడినప్పుడు కంటిలో ఒత్తిడి పెరిగి చూపు దెబ్బతినవచ్చు. గుండె పరీక్షలు అయ్యాక కంటి వైద్యునికి చూపించండి. ఇద్దరు వైద్యుల దగ్గరకూ ఆ ఆల్ప్రాజోలం స్ట్రిప్పును, మీరు వేసుకున్న గ్యాస్ మాత్రల స్ట్రిప్పును తప్పకుండా వెంట తీసుకువెళ్లండి.