శనివారం బట్వాడా, ఆదివారం కంతు

ప్రశ్న: మాది అనంతపురం. ఆయన బేల్దారి పనికి పోతారు, నేను ఇంట్లో మిషన్ కుడతాను. ఇద్దరిదీ కలిపి వారానికి 2,700 వస్తుంది. ఇంటి బాడుగ నెలకు 2,000, దానికని వారానికి 500 తీసిపెడతాను. వారం ఫైనాన్స్‌కి 1,000 కట్టాలి. పది వేలు రాసుకుని, 1,500 ముందే పట్టుకుని 8,500 ఇచ్చారు. పది వారాల్లో ఇంకా నాలుగు కంతులున్నాయి. మిగతా 1,200తో నలుగురం బతకాలి. పిల్లలిద్దరూ సర్కారు బడిలోనే. బుధవారానికే చేతిలో డబ్బు అయిపోతుంది. ఒక్కోసారి బాడుగ డబ్బులు కూడా వాడేస్తాం. అంగట్లో 2,000 ఖాతా ఉంది, ఒక నెల బాడుగ బాకీ ఉంది. ఫైనాన్స్ తీరగానే మళ్ళీ తీసుకుని ఇవి కడతాం, మళ్ళీ మామూలే. రేషన్ బియ్యం కిలో 12కి అమ్మి, 55 పెట్టి సోనా కొంటాం. ఇంకా ఏ ఖర్చు తగ్గించుకోవాలి?

జవాబు: అమ్మా, 1,200ని ఏడు రోజులకు, నలుగురికి పంచి చూశాను. మనిషికి రోజుకు 43 రూపాయలు కూడా రావడం లేదు. గ్యాసు, కరెంటు, సబ్బు, పిల్లల పెన్నులు అన్నీ అందులోనే. దీంట్లో ఇంకా తగ్గించమని చెప్పడానికి నాకు నోరు రాదు. పప్పు, గుడ్డు, శనక్కాయలు మానేసి మిగిల్చిన డబ్బు చివరికి మందుల షాపుకే పోతుంది. అందుకే వంటింటి సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆదివారం కంతు లెక్క తేల్చాలి.

"పది వేలకు పదిహేను వందలేగా" అని మీ ఇంట్లో అనుకుంటూ ఉంటారు. అందరూ అలాగే అనుకుంటారు, ఆ వ్యాపారం నడిచేదే దానిమీద. కానీ ఆ 8,500 పది వారాలూ మీ దగ్గర ఉండదు. మొదటి వారమే వెయ్యి వెనక్కి పోతుంది, రెండో వారం ఇంకో వెయ్యి. సగటున చూస్తే మీరు వాడుకునేది సగం కంటే కాస్త ఎక్కువ, వడ్డీ మాత్రం మొత్తానికీ కట్టారు. ఇలా లెక్కేస్తే నూటికి నెలకు 13 రూపాయల పైనే పడుతుంది. ఎవరైనా మూడు రూపాయల వడ్డీ అడిగితే మనం గొడవపడతాం కదా! ఏడాదికి ఐదు సార్లు ఇలా తిప్పితే 7,500 పోయినట్టు. మీ ఇంటికి ఆరు వారాల సరుకులవి.

మిగిలిన నాలుగు కంతులూ మామూలుగా కట్టేయండి, మధ్యలో ఎగ్గొట్టవద్దు. ఆ తర్వాత మళ్ళీ తీసుకోవద్దు. చెప్పడం తేలికే, గండమంతా ఆ తర్వాతి నాలుగు వారాల్లోనే ఉంది. అంగడి ఖాతా 2,000, బాడుగ బాకీ 2,000, మొత్తం నాలుగు వేలు. కంతు ఆగిపోతే మీ చేతిలో వారానికి వెయ్యి మిగులుతుంది, అంటే నాలుగు వారాల్లో రెండు బాకీలూ తీరతాయి. అంగడి ఆయనకూ, ఇంటి ఓనరుకూ ఈ లెక్క ఇప్పుడే వెళ్ళి చెప్పండి. ఏ తేదీన ఎంత ఇస్తారో చెప్పి, మొదటి వారం మాట తప్పకుండా ఇస్తే చాలామంది ఆగుతారు. ఈలోపు ఖాతా మాత్రం పెరగకూడదు.

ఐదో వారం నుంచి ఆ వెయ్యిలో 500 వంటింటికి ఇవ్వండి. మిగతా 500 మీ పేరున ఉన్న బ్యాంకు ఖాతాలో వేయండి. జన్‌ధన్ ఖాతా అయితే కనీస నిల్వ గొడవ లేదు. ఇంట్లో డబ్బాలో మాత్రం పెట్టవద్దు. మా ఇంట్లోనూ శనివారం బట్వాడా డబ్బే, బియ్యం డబ్బాలో దాచింది మంగళవారం దాటి ఉన్నట్టు నాకు గుర్తు లేదు.

డ్వాక్రా సంఘం గురించి ఒక్క ముక్కా రాయలేదు మీరు. సంఘంలో లేకపోతే మీ వార్డులో మెప్మా (పట్టణాల్లో సంఘాలను చూసే సర్కారు సంస్థ) తరఫున పనిచేసే ఆర్పీని కలవండి. సంఘం పొదుపులోంచి ఇచ్చే అప్పుకు మామూలుగా రూపాయి వడ్డీ ఉంటుంది. అదే 8,500 రూపాయి వడ్డీకి తీసుకుని పది వారాల్లో తీర్చి ఉంటే వడ్డీ నూట పదికి అటూఇటూగా అయ్యేది. చేరగానే అప్పు రాదు, కొన్నాళ్ళు పొదుపు కట్టాలి. అందుకే ఇప్పుడే చేరమంటున్నాను.

తల్లికి వందనం పథకం కింద 2025 జూన్‌లో బిడ్డకు 13,000 చొప్పున తల్లుల ఖాతాల్లో పడింది. మీకూ పడి ఉంటే అది ఏమైందని అడగను, ఊహించగలను. ఈసారి పడినప్పుడు అందులో పది వేలు పక్కన పెట్టి, మీకు మీరే ఫైనాన్స్ అనుకోండి. అవసరం వస్తే అందులోంచి తీసుకోండి, ఆదివారం ఆదివారం వెయ్యి చొప్పున తిరిగి కట్టండి. పరాయివాళ్ళకు వారం తప్పకుండా కట్టిన మనిషి మీరు, మీకు మీరు కట్టుకోలేరా?

ఇక బియ్యం. కార్డులో నలుగురుంటే నెలకు 20 కిలోలు ఉచితం. అవి అమ్మితే మీకు వచ్చేది 240. అంతే సోనా కొనడానికి పెట్టేది 1,100. నెలకు 860 తేడా, అంటే వారానికి రెండొందలు. పైగా అమ్మడం చట్టం ఒప్పుకోదు, కార్డుకే ముప్పు. పిల్లలు ఆ అన్నం తినరంటారు, నిజమే. అయితే సగమైనా ఉంచుకోండి. సంగటికి సోనా కంటే లావు బియ్యమే బాగా కుదురుతుంది, దోసె పిండికీ అదే మేలు. రాత్రికి సంగటి, ఊరిబిండి పెడితే ఏ పిల్లవాడు వద్దంటాడో చూద్దాం. పొద్దున ఉగ్గాని ఎలాగూ మనకు అలవాటే, మధ్యాహ్నం పిల్లలకు బడిలో భోజనం ఉంది. నూనె మాత్రం చిన్న ప్యాకెట్లు కొనకండి, లీటరుకు లెక్కేస్తే అవే ఎక్కువ పడతాయి.

దీపం పథకంలో ఏడాదికి మూడు సిలిండర్లు, నాలుగు నెలలకొకటి చొప్పున ఉచితంగా వస్తాయి. ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కు డబ్బు కట్టే పని లేదు, ఆధార్ చూపిస్తే చాలు. ఈ రెండూ మీకు తెలిసే ఉంటాయి.

ఐదో శనివారం సంగతి చాలామంది గమనించరు. వారానికి 500 చొప్పున నాలుగు వారాలు తీస్తే బాడుగ పూర్తవుతుంది. కానీ ఏడాదికి 52 వారాలు, అంటే నాలుగు నెలల్లో ఐదేసి శనివారాలు వస్తాయి. ఆ శనివారం తీసే 500 ఎవరికీ బాకీ లేని డబ్బు. క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో సున్న చుట్టి పెట్టుకోండి. పిల్లల చెప్పులు, వాన పడి పని లేని వారం, ఇలాంటి వాటికి అవి ఆదుకుంటాయి.

మీ ఆయన సారవ ఎక్కి పని చేసే మనిషి కాబట్టి ఇది వాయిదా వేయకండి. బ్యాంకులో సురక్ష బీమా యోజనకు ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటికి రెండు లక్షలు. జీవన జ్యోతికి 436, చేరేనాటికి వయసు 50 దాటకూడదు, మరణం ఎలా జరిగినా రెండు లక్షలు. రెండూ కలిపినా వారానికి తొమ్మిది రూపాయలు కాదు. మే నెలాఖరుకు ఖాతాలో ఆ డబ్బు ఉండేలా చూసుకోవాలి.

ఇంకో మాట. ఆయన చేతి ఖర్చు ఎంతో మీ లెక్కలో ఎక్కడా కనబడలేదు. టీ, బీడీ, పెట్రోలు లేకుండా ఏ బేల్దారీ పనికి పోడు. అది 2,700లోనే ఉందా, అది పోగా మిగిలింది 2,700నా? కొట్లాట పెట్టుకోకుండా, ఒక శనివారం ఆయన్నే పక్కన కూర్చోబెట్టుకుని ఈ కాగితం మళ్ళీ రాయండి.

ఆఖరి కంతు నాడు వసూలుకు వచ్చే అబ్బాయి కొత్త కంతుల కార్డు జేబులో పెట్టుకునే వస్తాడు. మీ ఆయనతో "అన్నా, ఈసారి ఇరవై వేలు ఇస్తాం" అంటాడు. ఆ పూట మీరు ఇంట్లోనే ఉండండి. వెయ్యి చేతిలో పెట్టి, మీరిచ్చిన ప్రోనోటు, ఖాళీ చెక్కు ఉంటే అదీ, అప్పటికప్పుడే వెనక్కి తీసుకోండి. రేపు తెచ్చిస్తానంటే, ఆ మాటే కార్డు మీద రాసి సంతకం పెట్టమనండి.