ఒకే బెంచీనా, రెండు సెక్షన్లా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కావలి దగ్గర ఒక పల్లె. మాకు నాలుగేళ్ళ కవల ఆడపిల్లలు ఉన్నారు. ఇద్దరూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటారు. 34వ వారంలోనే కాన్పయింది. జూన్ 12న బడులు తెరిచిన రోజే కావలిలో ఒక ప్రైవేటు బడిలో ఇద్దరినీ ఎల్‌కేజీలో, ఒకే సెక్షన్‌లో చేర్చాము. నాలుగు నిమిషాల ముందు పుట్టిన పెద్దమ్మాయి వారం తిరక్కుండానే కుదురుకుంది. చిన్నమ్మాయి మాత్రం ఆటో హారన్ వినబడగానే నా కొంగు పట్టుకుని వదలదు. బడిలో అక్క పక్కన తప్ప కూర్చోదు, మిస్‌తో ఒక్క మాటా మాట్లాడదు. ఏది అడిగినా అక్కే జవాబు చెబుతుందట. రొట్టెల పండగకు నెల్లూరు వెళ్ళి నాలుగు రోజులు బడి మాన్పించిన తర్వాత ఏడుపు మళ్ళీ మొదటికి వచ్చింది. బడి తెరిచి ఐదు వారాలైంది కాబట్టి ఇక ఒకరిని ఎ సెక్షన్‌లో, ఒకరిని బి సెక్షన్‌లో వేస్తామని బడివాళ్ళు అంటున్నారు. మా అత్తగారేమో "ఒక్క కడుపున కలిసి పెరిగినోళ్ళని యాడన్నా విడదీస్తారా" అని ససేమిరా ఒప్పుకోవడం లేదు. మావారు రొయ్యల గుంటల పని మీద తెల్లవారుజామునే వెళ్ళిపోతారు. నేను ఎవరి మాట వినాలి?
— ఒక తల్లి, కావలి మండలం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు "ఏది అడిగినా అక్కే జవాబు చెబుతుంది" అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. ఏడుపు సంగతి తర్వాత చూద్దాం, అసలు చిక్కుముడి అక్కడుంది.

కవలలకు మాటలు కొంత ఆలస్యంగా రావడం తరచుగా కనిపించేదే. నెలలు నిండకముందే పుట్టడం అందుకు ఒక కారణమైతే, ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్కొక్క బిడ్డతో విడిగా మాట్లాడే సమయం సగానికి సగం తగ్గిపోవడం మరో కారణం. ఒకరి సైగ మరొకరికి ఎప్పుడూ అర్థమవుతూనే ఉంటుంది కాబట్టి, మాటను పూర్తిగా, స్పష్టంగా పలకవలసిన అవసరమే వాళ్ళకు పెద్దగా రాదు. కవలలు తమకంటూ ఒక రహస్య భాష కల్పించుకుంటారని చుట్టాలు ముచ్చటగా చెప్పుకుంటారు గానీ, చాలా సందర్భాల్లో అది ఇద్దరూ ఒకే తీరున ముద్దగా పలికే తెలుగే. బయటి పిల్లలతో కలిసి ఆడుకుంటున్న కొద్దీ అది దానంతటదే సర్దుకుంటుంది. మీ ఇంట్లో ఇద్దరి తరఫునా మాట్లాడే బాధ్యత పెద్దమ్మాయి ఎత్తుకున్నట్టుంది. అదే అలవాటు ఇప్పుడు బడిదాకా వెళ్ళింది.

ఇక సెక్షన్ల మాట. కవలలను కలిపి ఉంచితేనే మేలనిగానీ, విడదీస్తేనే మేలనిగానీ అందరికీ వర్తించే సూత్రమేదీ లేదు. అమెరికాలోనూ ఈ తగవు చాలాకాలం నడిచింది. కవలలను ఎలా కూర్చోబెట్టాలన్న విషయంలో తల్లిదండ్రుల మాటకు విలువనిస్తూ మిన్నసోటా రాష్ట్రం 2005లో ఏకంగా చట్టమే చేసింది. అది కూడా విడదీయమనో కలపమనో చెప్పలేదు, ఆ పిల్లలను ఎరిగినవాళ్ళను అడగమంది. కాబట్టి "మా బడి పద్ధతి ఇంతే" అన్న సమాధానంతో మీరు సరిపెట్టుకోనక్కరలేదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఇప్పుడు, అంటే జూలైలో, విడదీయడం తొందరపాటే అవుతుంది. ఆ చిన్న ప్రాణం గేటు దగ్గర రోజూ అమ్మను వదులుకుంటోంది. అదింకా అలవాటు కాకముందే పక్కనున్న అక్కను కూడా వదులుకోమంటే, బడి అంటేనే మనుషులు దూరమయ్యే చోటని దానికి ముద్రపడుతుంది. దసరా సెలవుల దాకా ఒకే సెక్షన్‌లో ఉండనివ్వమని అడగండి. అయితే ఒకే బెంచీ మీద మాత్రం వద్దు. రెండు మూడు వరుసల ఎడంలో, తల తిప్పితే అక్క కనబడేటట్టు కూర్చోబెడితే చాలు.

ఒంగోలులో ఒక ఎల్‌కేజీ గదిలో నేను చూసిన మగకవలల సంగతి చెబుతాను. ఇద్దరిలో ఒకడు టిఫిన్ డబ్బా మూత రాకపోతే పక్కకైనా చూడకుండా దానిని అన్న వైపు జరిపేవాడు; అన్న మూత తీసి, మళ్ళీ జరిపేసి, తన పులిహోర తాను తినేవాడు. ఇద్దరి మధ్యా ఒక్క మాట ఉండేది కాదు. మిస్ వాళ్ళను వేరువేరు బల్లల దగ్గరికి మార్చిన మొదటి రోజు ఆ పిల్లవాడు డబ్బా తెరవకుండానే ఇంటికి తీసుకుపోయాడు. రెండో రోజూ అంతే. ఆ రెండు రోజులూ వాళ్ళమ్మ బడివాళ్ళతో గొడవపడిందని విన్నాను, అందులో తప్పేమీ లేదు. మూడో రోజు వాడు డబ్బాను రెండు చేతులతో పైకెత్తి ఆయమ్మ వైపు చూపించి "మూత" అన్నాడు. బడిలో వాడు పలికిన తొలి మాట అదేనట.

మీ పాప విషయంలోనూ మిస్ చేయవలసింది దాదాపు ఇంతే: చిన్నమ్మాయిని అడిగిన ప్రశ్నకు అక్క జవాబు చెబితే "నీకు తెలుసులే బంగారం, ఇది చెల్లి వంతు" అని నవ్వుతూ ఆపి, చిన్నమ్మాయి మాట్లాడకపోయినా తల ఊపినా, వేలితో చూపినా జవాబుగా తీసుకోవాలి. నలుగురి ముందూ "పలుకు, పలుకు" అని ఒత్తిడి చేయకూడదు. అసలు ముందు ఆ మిస్‌కు ఎవరు ఎవరో తెలియాలి. ఒకే యూనిఫాం, ఒకే రకం జడలు వేసుకుని ఒకేలా ఉన్న ఇద్దరు వస్తే, నలభై మంది పిల్లల మధ్య ఆమె మాత్రం ఏం చేయగలదు? ఒకరికి ఎర్ర రిబ్బను, ఒకరికి పసుపు రిబ్బను కట్టి, ఏ రంగు ఎవరిదో ఏడాదంతా మార్చకండి. సంచి, నీళ్ళ సీసా కూడా వేరు రంగులవే కొనండి. "ట్విన్స్, ఇలా రండి" అన్న పిలుపు బడిలో వినబడకుండా చూడమని గట్టిగా చెప్పండి. ఎవరి పేరుతో వాళ్ళను పిలవాలి, ఎవరి డైరీలో వాళ్ళ సంగతే రాయాలి.

పెద్దమ్మాయి వారంలో కుదురుకుందని రాశారు. కాస్త గమనించండి. చెల్లెలికి కాపలా అన్న పని దొరికింది కాబట్టి ఏడవడానికి తీరిక లేక ఊరుకున్న పిల్లలను కూడా నేను చూశాను. విరామంలో తాను వేరే పిల్లలతో ఆడుతోందా, చెల్లెలి వెంటే తిరుగుతోందా అని మిస్‌ను అడగండి. ఇంటికి రాగానే "చెల్లి ఇవాళ ఏడ్చిందా?" అని ఆమెను అడిగే అలవాటుంటే ఇవాళే మానేయండి.

మీ అత్తగారి మాటలో సగం న్యాయముంది, మిగతా సగానికి ఆవిడ సాయమే కావాలి. రోజూ సాయంత్రం అరగంటసేపు ఒకరిని ఆవిడ పాలకో కూరగాయలకో వెంటబెట్టుకుని వెళితే, ఇంకొకరు మీ దగ్గర ఉంటారు. మర్నాడు తారుమారు చేయండి. ఆ అరగంటలో చిన్నమ్మాయికి కావలసింది తానే నోరు తెరిచి అడగవలసి వస్తుంది. ఆదివారం మీవారు ఒకరినే బండి మీద బజారుకు తీసుకువెళ్ళినా మంచిదే (గుంటల గట్టు మీదికి మాత్రం కాదు సుమా).

ఏడుపుకు పెద్ద వైద్యం అక్కరలేదు. కన్నుగప్పి తప్పుకోకుండా, "అన్నం తిని, నిద్ర లేచాక ఆటో వస్తుంది" అని దానికి అర్థమయ్యే గుర్తు చెప్పి, మళ్ళీ వెనక్కి తిరిగి రాకుండా వెళ్ళిపోవడం మేలు. నాలుగు రోజులు బడి మానితే ఏడుపు తిరగబెట్టడం సహజం, దసరాకూ సంక్రాంతికీ కూడా అలాగే జరగవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. ఇంట్లో గలగలా మాట్లాడే బిడ్డ బడిలో నెలకు మించి బొత్తిగా నోరు విప్పకపోతే నిపుణులకు చూపించాలి. బడిలో చేరిన తొలి నెలను ఆ లెక్కలోకి తీసుకోరు. ఆ ప్రకారం ఆగస్టు నడిమి దాకా చూడవచ్చు. ఇంట్లో కూడా మాటలు తక్కువైతే, లేక నాలుగేళ్ళు నిండినా ఆమె చెప్పేది బయటివాళ్ళకు చాలావరకు అర్థం కాకపోతే, అందాకా ఆగవద్దు. నెలలు నిండకుండా పుట్టారు కాబట్టి ఇద్దరికీ వినికిడి పరీక్ష ఇప్పుడే చేయించండి. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లల్లో ఎదుగుదల లోపాలను గుర్తించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి అమలులో ఉంది. ప్రభుత్వాసుపత్రిలో పిల్లల డాక్టరును దాని గురించి అడగండి.

ప్రశ్న: మా మనవడు, మనవరాలు కవలలు. మే నెలలో ఆరేళ్ళు నిండాయి. యూకేజీ అయిన తర్వాత ఒకటో తరగతికి వేరే బడికి వెళితే అక్కడ ఇద్దరికీ పరీక్ష పెట్టి, అమ్మాయిని తీసుకుంటాము, అబ్బాయి ఇంకో ఏడాది యూకేజీ చదవాలి అంటున్నారు. వాడికి అక్షరాలు వస్తాయి, రాత మాత్రం కుదురుగా ఉండదు.
— ఒక తాతగారు, టంగుటూరు, ప్రకాశం జిల్లా

జవాబు: అయ్యా, ఒకటో తరగతిలో చేర్చుకోవడానికి వడపోత పరీక్ష పెట్టకూడదని 2009 నాటి విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ చెబుతోంది. ఉల్లంఘించిన బడికి తొలిసారి 25 వేల రూపాయల వరకు, ఆ తర్వాత ప్రతిసారీ 50 వేల వరకు జరిమానా ఉంది. ఈ మాట మర్యాదగా, కాగితం మీద రాసి అడగండి. 2020 జాతీయ విద్యావిధానం కూడా మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా, అంటే రెండో తరగతి వరకు, ఒకే పునాది దశగా చూస్తుంది. చదవడం, రాయడం, లెక్కలు కుదరడానికి 2021లో మొదలైన నిపుణ్ భారత్ పెట్టుకున్న గడువు మూడో తరగతి చివర. అలాంటప్పుడు ఆరేళ్ళవాడి రాత వంకరగా ఉందని ఏడాది వెనక్కి నెట్టడానికి ఆధారమేముంది?

ఈ వయసులో వేళ్ళ పట్టు సగటున ఆడపిల్లలకు ముందుగా వస్తుంది. చెల్లెలి నోటుబుక్కు చూపించి వాడికి రాత నేర్పించకండి. ఒకే పుట్టినరోజు ఉన్న చెల్లెలు తనకంటే ఒక తరగతి పైనుంటే, ఆ సంగతి ఇంటికొచ్చే ప్రతి చుట్టమూ వాడికి గుర్తుచేస్తాడు. అంతకంటే మీ ఇంట్లో వామనగుంటల పీట ఉంటే దించి, దుమ్ము దులపండి. చింతపిక్కలు ఒక్కొక్కటే వేళ్ళతో తీసి గుంటల్లో వేయడంతో చేతికి పట్టు, నోటికి లెక్క రెండూ వస్తాయి. మొదటి వారం మీరు వాడొక్కడితోనే ఆడండి.