కరెంటు బొగ్గుదే అయినా నా ఓటు రైలుకే

'రైలుకు కరెంటు వచ్చేది బొగ్గు నుంచే కదా, మరి విమానం కంటే అది పర్యావరణానికి మేలెలా అవుతుంది?' అని అడిగారు. బొగ్గు మాట నిజమే. అయినా రైలే నయం. నాకు ఈ సంగతి ఒక భోగి నాడు గాల్లో ఉండగా తెలిసొచ్చింది.

ఆ సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్లాలి. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో చాంతాడంత వెయిటింగ్ లిస్ట్. తత్కాల్‌లో డబ్బు కట్టే పేజీ గింగిరాలు కొడుతుండగానే బెర్తులు అయిపోయాయి. మా బావమరిదికి ఆర్ఏసీ వచ్చింది, అంటే సైడ్ లోయర్‌లో సగం. రాత్రంతా ముడుచుకుని ఎవడు కూర్చుంటాడని నేను భోగి పొద్దున ఫ్లైట్ ఎక్కాను.

విశాఖ మీదికి వచ్చేసరికి కిటికీ అవతల అంతా తెల్లగా మంచు. రన్‌వే కనబడట్లేదని చక్కర్లు మొదలయ్యాయి. పక్క సీటాయన మూడో చక్కర్ దాకా లెక్కపెట్టి నిద్రపోయాడు. ముప్పావుగంట తిరిగాక మళ్లీ శంషాబాద్‌లోనే దించారు. ఫోన్ ఆన్ చేయగానే బావమరిది.

'బావా, ఎక్కడిదాకా వచ్చావ్?'

'బయల్దేరిన చోటికే.'

వాడప్పటికే తలంటుకుని ఇడ్లీలు తింటున్నాడు.

అంతసేపు గాల్లో తగలబెట్టిందెంత? 180 సీట్ల విమానం గంటకు రెండు టన్నులకు పైనే ఇంధనం తాగుతుంది. కిలో ఇంధనం కాలితే మూడు కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. చక్కర్లు లేకపోయినా విశాఖ దాకా తలా నలభై కిలోలు ఎక్కడికీ పోవు. పైగా శంషాబాద్ దాకా క్యాబ్ పొగ వేరే. అదే రైల్లో ఒక్క ఇంజన్ వెయ్యి మందికి పైగా లాక్కెళ్తుంది. ఇనప పట్టా మీద ఇనప చక్రం, రాపిడి తక్కువ. కొత్త ఇంజన్లు బ్రేకు వేసినప్పుడు కొంత కరెంటు తిరిగి తీగలోకే పంపిస్తాయి. ఏసీకి, లైట్లకు ఒకప్పుడు డీజిల్ జనరేటర్ బోగీ ఉండేది, ప్లాట్‌ఫాం మీద దాని పక్కన నిలబడితే చెవులు దిబ్బళ్లు పడేవి. ఇప్పుడు చాలా రైళ్లలో అదీ పైతీగ నుంచే. బొగ్గు కరెంటే అనుకున్నా నా లెక్కలో తలా పది కిలోలకు అటూ ఇటూ. మా బావమరిదిలా ఒక బెర్తులో ఇద్దరు సర్దుకుంటే ఇంకా తక్కువ!

అసలు నా కడుపుమంట వేరే ఉంది. రైలు మంచిదని అందరూ చెప్తారు, అందులో చోటు మాత్రం ఎవరూ చూపించరు. పండక్కి నాలుగు స్పెషల్ రైళ్లు వేసి, అవి ఐదారు గంటలు లేటుగా నడిస్తే జనం విమానం ఎక్కక ఏం చేస్తారు? ఏసీ బోగీలో చలికి వణికించి, ఉతికి ఎన్నాళ్లయిందో తెలియని కంబళి ఇవ్వడం ఇంకో ముచ్చట. ఆ ఏసీ కాస్త తగ్గిస్తే కరెంటూ మిగులుతుంది, నా ముక్కూ బాగుంటుంది.

2024 నవంబరు నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు కాబట్టి మొన్న అలారం పెట్టుకుని మరీ కూర్చున్నాను. ఆర్ఏసీ వచ్చింది. తీసేసుకున్నాను.