పెట్టుబడి రాయితీ జాబితా అడిగితే ‘వ్యక్తిగతం’ అనవచ్చా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా. తుపానుకు నా మూడెకరాల మినుము కుళ్లిపోయినా పెట్టుబడి రాయితీ పడలేదు. బీడు పొలాలకు మాత్రం డబ్బు పడిందని ఊళ్లో అంటున్నారు. జాబితా అడిగితే వ్యక్తిగత సమాచారం, ఇవ్వకూడదన్నారు. నిజమేనా?

జవాబు: ముందు పడింది ఏ డబ్బో తేల్చుకోండి. మీ జిల్లాలోనే, దర్శి మండలంలో 2025 ఆగస్టు 2న మొదలైన అన్నదాత సుఖీభవ సొమ్ముకు పంట నష్టంతో సంబంధం లేదు. పెట్టుబడి రాయితీ వేరు. దానికి పంట కనీసం 33 శాతం దెబ్బతినాలి. బీడుకు పడింది మొదటిదైతే మీ ఫిర్యాదు అక్కడే వీగిపోతుంది.

రెండోదైతే జాబితా అడిగే హక్కు మీకుంది. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(బి)లోని 12వ అంశం ప్రకారం రాయితీ పథకాల అమలు తీరు, కేటాయించిన సొమ్ము, లబ్ధిదారుల వివరాలు ఎవరూ అడగకముందే ప్రభుత్వ కార్యాలయాలు వెల్లడించాలి. వ్యక్తిగత సమాచారం ఇవ్వనక్కర్లేదనే సెక్షన్ 8(1)(జె)ను సవరించి 2025 నవంబరు నుంచి అమలు చేస్తున్న మాట నిజమే. ‘వ్యక్తిగతం’ అన్న సాకు దానితో బలపడింది కూడా. కానీ సెక్షన్ 4 అలాగే ఉంది. ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చనే 8(2), ఇవ్వకూడని భాగం తీసేసి మిగతాది ఇవ్వాలనే సెక్షన్ 10 కూడా ఉన్నాయి. దరఖాస్తులో ఈ మూడూ ప్రస్తావించండి.

‘ఫలానాయనకు ఎందుకిచ్చారు?’ అని మాత్రం రాయకండి. చాలా దరఖాస్తులు చెడేది ఇక్కడే. అధికారి ఇవ్వాల్సింది రికార్డులో ఉన్నది, సంజాయిషీ కాదు. ఇలా రాయండి: ‘మా గ్రామంలో ఫలానా తుపానుకు పెట్టుబడి రాయితీ మంజూరైన వారి పేరు, సర్వే నంబరు, పంట, నష్టపోయిన విస్తీర్ణం, ఇచ్చిన సొమ్ము. ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోను నంబర్లు కొట్టేసి ఇవ్వగలరు.’ దాని కిందే ఆ సర్వే నంబర్లకు ఆ సీజను ఈ-క్రాప్ (ఏ పొలంలో ఏ పంట వేశారో రాసే ప్రభుత్వ రికార్డు) నమోదు నకలు, మీ పొలం తాలూకు ఎన్యూమరేషన్ (పంట నష్టం లెక్కింపు) పత్రం కూడా అడగండి. అసలు గుట్టు రాయితీ జాబితాకూ ఈ-క్రాప్‌కూ మధ్యే ఉంటుంది. జాబితాలో ‘మినుము 2.50 ఎకరాలు’ అని ఉండి, ఈ-క్రాప్‌లో అదే నంబరుకు పంటే లేకపోతే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. మీ మినుమే ఈ-క్రాప్‌కు ఎక్కలేదేమో అదీ చూసుకోండి. డబ్బు రాకపోవడానికి కారణం తరచూ అదే.

దరఖాస్తు మండల వ్యవసాయ కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి ఇవ్వండి. మండల స్థాయిలో రుసుము 5 రూపాయలు, నకళ్లకు పేజీకి 2 రూపాయలు. తెల్లకార్డు నకలు జత చేస్తే రుసుముండదు. చేతికిస్తే రసీదు తీసుకోండి, లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఆ కాగితం లేకపోతే గడువు లెక్క నిలవదు.

30 రోజుల్లో జవాబు రాకపోతే తిరస్కరించినట్టే లెక్క. ఆ తర్వాత 30 రోజుల్లో అదే శాఖ పై అధికారికి మొదటి అప్పీలు, దానికీ ఫలితం లేకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వేయాలి. కోపంతో నేరుగా సెక్షన్ 18 కింద కమిషన్‌కు ఫిర్యాదు పెట్టేవాళ్లున్నారు. దానిమీద అధికారికి రోజుకు 250 చొప్పున 25,000 రూపాయల దాకా జరిమానా పడవచ్చు గానీ, మీ చేతికి జాబితా రాదు. సమాచారం ఇప్పించమనే ఆదేశానికి సెక్షన్ 19 అప్పీలే దారని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది.