ట్రాక్టర్‌కు తెచ్చిన 20డబ్ల్యూ-40 ఆయిల్ డీజిల్ పికప్‌ల పొయ్యొచ్చా?

అన్నా, మీరు అడిగింది నాకు అర్థమైన కాడికి ఇది. బండి 2021 మోడల్ డీజిల్ పికప్, నర్సంపేట నుంచి ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి, పత్తి కిరాయిలు. ట్రాక్టర్‌కని తెచ్చిన 20డబ్ల్యూ-40 డబ్బా ఇంట్ల మిగిలింది, అది పోస్తే నడుస్తదా? మొన్న మార్పించిన ఆయిల్ అప్పుడే నల్లగైంది, మళ్ల మార్చాల్నా? అప్పుడప్పుడు డీపీఎఫ్ లైట్ గూడ వస్తున్నదన్నరు.

డబ్బా పక్కకు పెట్టుండ్రి. అది ట్రాక్టర్‌కే పనికొస్తది.

2020 ఏప్రిల్ సంది వచ్చిన బండ్లు బీఎస్ 6, అంటే పొగ మీద సర్కారు పెట్టిన రూలుకు తగ్గట్టు చేసినయి. మీ బండికి సైలెన్సర్ లైన్‌ల డీపీఎఫ్ ఉన్నది, అంటే పొగల మసిని పట్టే జల్లెడ. మసి పట్టుకున్నా, వేడికి కాలిపోతది. బూడిద కాలదు. ఇంజన్‌ల ఎంతో కొంత ఆయిల్ మండుతనే ఉంటది, దాంట్ల కలిపిన కాల్షియం, జింక్ లాంటివి బూడిదై ఆ జల్లెడల్నే కూసుంటయి. అందుకే ఈ బండ్లకు బూడిద తక్కువ వచ్చే ఆయిల్ కావాలె. అసొంటి ఆయిల్ డబ్బా వెనకాల చిన్న అక్షరాలల్ల ఏపీఐ సీకే-4 అనో, ఏసీఈఏ సీ3 అనో గ్రేడ్ రాసి ఉంటది. పాత సీఐ-4 ఆయిల్‌కు బూడిద మీద హద్దు లేదు, సీకే-4కు ఒక శాతం మించొద్దు. మీ బండి పుస్తకంల ఏది రాసి ఉంటే అదే కొనుండ్రి. నేనైతే కంపెనీ పేరు తర్వాత చూస్త, ముందుగాల ఆ అక్షరాలే చూస్త.

"మన దిక్కు ఎండలకు చిక్కటి ఆయిలే మంచిది" అని షాపోళ్లు చెప్తరు. సగమే నిజం. 20డబ్ల్యూల 20 అనేది చలిల స్టార్ట్ అయ్యే సంగతి, అది మైనస్ 15 డిగ్రీల లెక్క. వరంగల్‌ల దానితోటి మనకు పనే పడదు. వెనక ఉన్న 30, 40 అంకెలు 100 డిగ్రీల కాడ ఎంత చిక్కగ ఉంటదో చెప్తయి. బయట 45 డిగ్రీలున్నా, 25 ఉన్నా, రేడియేటర్, థర్మోస్టాట్ సరిగ్గ ఉంటే ఇంజన్ దాదాపు ఒక్క వేడి మీదనే నడుస్తది. పుస్తకంల 5డబ్ల్యూ-30 ఉంటే ఎండకాలమని 20డబ్ల్యూ-40కి పోవుడు దండగ.

ఇగ నలుపు సంగతి. డీజిల్ ఇంజన్‌ల ఆయిల్ పోసిన కొన్ని రోజులకే నల్లగైతది, అట్ల అయితేనే ఆయిల్ మసిని కడిగి తనల కలుపుకుంటున్నట్టు. రంగు చూసి మార్చకుండ్రి. గేజీ, అంటే ఆయిల్ ఎంతున్నదో చూసే కడ్డీ, అది చూడుండ్రి. మా బండికి పత్తి సీజన్‌ల ఒక ముచ్చటైంది. యార్డ్ గేటు కాడ లైన్ల ఇంజన్ బందుచెయ్యక గంటలు నిలవడుడు, దించుడు, మళ్ల లైను. ఓ పొద్దు గేజీ తీస్తే ఆయిల్ తగ్గుడు పక్కకుండనీ, పై గీత దాటింది. ఏలుకు రాసుకుని చూస్తే పల్చగ జారుతున్నది, డీజిల్ వాసన గుప్పుమన్నది. డీపీఎఫ్ మసి కాల్చుకునేటప్పుడు ఇంజన్ అదనంగ డీజిల్ కొడ్తది. పని సగంల ఉండంగ బండి బందు చేస్తే ఆ డీజిల్ కొంత సిలిండర్ గోడల వెంబడి కింద ఆయిల్ ఉండే చాంబర్‌లకు దిగుతది. ఇట్ల మాటిమాటికి అయితే ఆయిల్ పల్చబడి బేరింగులకు, టర్బోకు దెబ్బ. పై గీత దాటినంక పుస్తకంల కిలోమీటర్లు ఎన్నున్నా ఆగొద్దు, మార్పించుండ్రి. డీపీఎఫ్ పసుపు లైట్ వస్తే బండి బందు చెయ్యకుండ హైదరాబాద్ రోడ్డు ఎక్కి ఓ ఇరవై నిమిషాలు ఒక్క స్పీడ్ మీద నడుపుండ్రి, మస్తుసార్లు పోతది. ఎర్రది వస్తే, లేకపోతే బండి గుంజుడు తగ్గితే సర్వీసుకే.

ఎప్పుడు మార్చాలె అంటే, పుస్తకంల రెండు లెక్కలుంటయి, మామూలు వాడకానికి ఒకటి, కష్టపు వాడకానికి ఒకటి. ఓవర్‌లోడ్, దుమ్ము, గంటలకొద్ది నిలవడుడు ఉన్న మీ బండి రెండో లెక్కలకే వస్తది. వారంటీ మిగిలి ఉంటే బిల్లు పారెయ్యకుండ్రి.

మార్చేటప్పుడు దగ్గర నిలవడుండ్రి. ఇంజన్ జరంత వేడి మీద ఉండంగ దించితేనే మడ్డి గూడ వస్తది. ఫిల్టర్ తప్పకుండ మార్చాలె. పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఒక్కోసారి ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోతది, మెకానిక్ చూసుకోక కొత్తది దాని మీదనే బిగిస్తే రోడ్డు మీద ఆయిలంత పోతది. ఏలుతోటి తడిమి చూపియ్యమనుండ్రి. కొత్త రింగుకు కొంచెం ఆయిల్ రాసి ఫిల్టర్‌ను చేతితోటే బిగియ్యాలె. డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్. పోసినంక ఓ నిమిషం ఐడిల్‌ల ఉంచి, బందు చేసి, సాపు జాగల అయిదు పది నిమిషాలాగి గేజీ చూడాలె.

ఖాళీ డబ్బా అక్కడ ఇడిచిపెట్టొద్దు, మూతి కాడ కోసెయ్యుండ్రి. లేకపోతే అదే డబ్బాల నకిలీ ఆయిల్ నింపి మళ్ల మనకే అమ్ముతరు. పాత ఆయిల్‌ను సెంట్రింగ్ చెక్కలకు రాస్తమని అడుగుతరు, నేనైతే ఇయ్య. అది చేతులకు అంటుడు మంచిది కాదు, మోరీల పోస్తే ఇంకా పాడు. పాత ఆయిల్ కొనేటోళ్లల్ల లైసెన్సు ఉన్నోళ్లకే ఇయ్యుండ్రి.